వృత్తానికి అనంతమైన భుజాలా? అవధుల మీద కొన్ని అపోహలు - వాస్తవాలు

ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నా. అవధుల (లిమిట్స్, అంటే ఒక వరస ఏ సంఖ్యకు ఎంత కావాలంటే అంత దగ్గరవుతుందో చెప్పే) చాప్టర్‌లో లెక్క రానివాళ్లు తక్కువే, సూత్రం వేసి జవాబు తెచ్చేస్తారు. ఆ జవాబుకి అర్థమేంటో చెప్పమంటేనే నీళ్లు నములుతారు. పిల్లలే కాదు, వాళ్లను దింపడానికి వచ్చిన ఇంజనీరు నాన్నలు కూడా.

అపోహ: అనంతం అంటే చాలా పెద్ద సంఖ్య.

సంఖ్యే అయితే అందులోంచి దాన్నే తీసేస్తే సున్నా రావాలి కదా. ఒక సంఖ్యను పెంచుకుంటూ పోండి. దానికి 5 కలిపి అదే సంఖ్యను తీసేస్తే ఎప్పుడూ 5 మిగులుతుంది, దాని వర్గంలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది అంతూపొంతూ లేకుండా పెరుగుతుంది. పరీక్షలో మాత్రం రెండింటినీ "అనంతం మైనస్ అనంతం" అని రాసి సున్నా వేసి, మార్కులు పోయాక నా దగ్గరికి వస్తారు.

అపోహ: భుజాలు పెంచుతూ పోతే బహుభుజి చివరికి వృత్తమైపోతుంది.

అవదు. కోటి భుజాలు పెట్టినా మూలలు ఉంటాయి, అసలు "చివర" అనేదే లేదు. ఒక మీటరు వ్యాసం ఉన్న వృత్తం లోపల షడ్భుజి గీయండి, ఒక్కో భుజం అర మీటరు, చుట్టుకొలత సరిగ్గా 3. భుజాలు 12 చేస్తే 3.1058, 24కి 3.1326, 48కి 3.1394, 96కి 3.1410. ఈ వృత్తం అసలు చుట్టుకొలత 'పై' మీటర్లు. ఈ వరసలో ఏ సంఖ్యా 'పై' కాదు, ఎప్పటికీ కాబోదు. కానీ 'పై' కంటే చిన్నది ఏ సంఖ్య చెప్పినా, 3.14159 చెప్పండి పోనీ, ఎక్కడో ఒకచోట వరస దాన్ని దాటేస్తుంది, 'పై'ని మాత్రం దాటదు. ఆ సంఖ్యే అవధి. వరస దాన్ని చేరుకుందా లేదా అన్నది వేరే సంగతి.

అపోహ: 'పై' అంటే 22/7.

ఇది ప్రాచీన గ్రీకు గణితవేత్త ఆర్కిమెడీస్ పుణ్యం. ఆయన వృత్తం లోపలొకటి, బయటొకటి 96 భుజాల బొమ్మలు తీసుకుని, 'పై' 223/71 కంటే ఎక్కువ, 22/7 కంటే తక్కువ అని నిరూపించాడు. ఆ పైహద్దునే మనం బడిలో అసలు విలువగా బట్టీపట్టాం. మన ఆర్యభటుడు 62832/20000 ఇచ్చి కూడా "ఆసన్నం" అన్నాడు, అంటే దగ్గరిది అని.

అపోహ: 0.999... అనేది 1 కంటే పిసరంత తక్కువ.

ఆ పిసరు ఎంతో చెప్పండి. మీరు ఎంత చెప్పినా, తగినన్ని తొమ్మిదులు రాస్తే అంతకంటే దగ్గరికి వచ్చేస్తాం. కాబట్టి తేడా సున్నా. ఆ చుక్కలకు అర్థమే అవధి అని.

అపోహ: బొమ్మ దగ్గరైతే కొలత కూడా దగ్గరవుతుంది.

ఒకరోజు క్లాసు అయ్యాక ఒక కుర్రాడు ఫోన్ పట్టుకొచ్చాడు. మీటరు వ్యాసమున్న అదే వృత్తం, చుట్టూ చతురస్రం, దాని చుట్టుకొలత 4. నాలుగు మూలల్నీ వృత్తానికి తగిలేలా లోపలికి మడిస్తే మెట్లు వస్తాయి, చుట్టుకొలత మాత్రం అదే 4. మళ్లీ మడిచినా 4. మెట్లు కంటికి ఆననంత చిన్నవై వృత్తానికి అతుక్కుపోయాయి, కాబట్టి 'పై' 4 అట! "తప్పని తెలుసు సార్, ఎక్కడో తెలియట్లేదు" అన్నాడు.

చెవిలో పువ్వు పెట్టింది ఆ మడతలోనే. రోడ్లన్నీ అడ్డం, నిలువు ఉన్న కాలనీ అనుకోండి, కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు. ఈ మూల నుంచి ఎదుటి మూలకి సందుసందుకీ మలుపు తిరిగినా మీరు నడిచేది 2 కిలోమీటర్లే, కాకి మాత్రం 1.414లో వెళ్లిపోతుంది. సందులు ఎంత ఇరుకైనా మీ నడక అడ్డంగానో నిలువుగానో ఉంటుంది తప్ప ఏటవాలు కాదు. మెట్లు చోటులో వృత్తానికి దగ్గరయ్యాయి, దిశలో కాలేదు. పొడవు దిశ మీద ఆధారపడుతుంది. షడ్భుజి నుంచి మొదలైన వరసలో భుజాల దిశ కూడా వృత్తం వంపుతో కలుస్తూ వస్తుంది.

పైగా ఆర్కిమెడీస్ రెండువైపులా బిగించాడు, లోపల 3.1410, బయట 3.1427. మెట్లకు బయటివైపే ఉంది. 'పై' 4 కంటే తక్కువ అని మాత్రం అవి నిజమే చెప్పాయి.

వాడు తల గీరుకుని, "అయితే మెట్లతో వైశాల్యం కూడా తప్పే వస్తుందా సార్?" అన్నాడు. రాదురా, అది కరెక్టే, మడిచినకొద్దీ వృత్తం అసలు వైశాల్యం 0.7854 దగ్గరికి వస్తుంది. వైశాల్యానికి దిశతో పనిలేదు. చాక్‌పీస్ వాడికే ఇచ్చి గళ్లు లెక్కపెట్టమన్నాను.