చుట్టకుదురు పోయిన కూలీ

మా పక్కింటి అత్తయ్యగారికి కీళ్లవాతం. ఆదివారం మెథోట్రెక్సేట్, సోమవారం ఫోలిక్ యాసిడ్ వేసుకుంటారు. "ఒకదానికి ఇంకోటి అడ్డమట కదమ్మా, మరి రెండూ ఎందుకిచ్చారు?" అని మొన్న స్ట్రిప్పులు రెండూ నా చేతిలో పెట్టారు. ఇంత మంచి ప్రశ్న నన్ను క్లాసులో కూడా ఎవరూ అడగలేదు.

ఆ రెండు మాత్రల మధ్యా ఉన్నది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే చిన్న ఎంజైము. పిల్లలచేత దీని పేరు బట్టీ పట్టిస్తాం గానీ, అందులో 'డై' ఎందుకుందో చెప్పం. అసలు కథంతా అక్కడే ఉంది.

ఇల్లు కట్టేచోట సిమెంటు తట్ట మోసే మనిషిని చూడండి. నెత్తిమీద చుట్టకుదురు, దానిమీద తట్ట. మన కణంలో ఆ కూలీ టెట్రాహైడ్రోఫోలేట్, అంటే ఫోలిక్ యాసిడ్ నుంచి తయారై నాలుగు హైడ్రోజన్లు అదనంగా ఉన్న ఫోలేట్. ఆ హైడ్రోజన్లే దాని చుట్టకుదురు. మోసేది ఒక్క కార్బన్. అడినిన్, గ్వానిన్ తయారయ్యే చోట బరువు దించి, చుట్టకుదురుతోనే వెనక్కి వస్తుంది. డీఎన్ఏకి కావలసిన థైమిన్ దగ్గర అలా కాదు. అక్కడి ఎంజైము, థైమిడైలేట్ సింథేజ్, కార్బన్‌తోపాటు హైడ్రోజన్ కూడా లాక్కుంటుంది. నాలుగు హైడ్రోజన్లలో రెండే మిగులుతాయి. అదే 'డై'. చుట్టకుదురు పోయిన కూలీ ఇంకో తట్ట ఎత్తలేదు. కణంలో హైడ్రోజన్ అందించే ఎన్ఏడీపీహెచ్ అనే అణువు దగ్గర హైడ్రోజన్ తీసుకుని మళ్లీ చుట్టకుదురు పెట్టేది మన ఎంజైమే.

కొత్త డీఎన్ఏ కావలసింది ముఖ్యంగా విభజన జరిగే కణాలకి. అందుకే ఈ ఎంజైము ఆగితే విభజన లేని నరాల కణాలకు పెద్దగా పట్టదు. దెబ్బంతా ఎముక మజ్జకీ, నోటి పొరకీ, క్యాన్సర్ కణాలకీ. మెథోట్రెక్సేట్ ఫోలేట్‌లాగే ఉండి, దానికన్నా సుమారు వెయ్యి రెట్లు గట్టిగా ఈ ఎంజైములో ఇరుక్కుంటుంది. దీని అక్కలాంటి అమినోప్టెరిన్ అనే మందు, మన భీమవరంలో పుట్టి అమెరికాలో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం నుంచి వచ్చింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకిస్తే 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. ఆ ఫలితాలు 1948లో వచ్చాయి. సుబ్బారావు గారు ఆ ఏడాదే పోయారు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఇక అత్తయ్యగారి సంగతి. కీళ్లవాతానికిచ్చే డోసు తక్కువ, ఎంజైమును పూర్తిగా మూసేయదు. కీళ్ల మంట తగ్గడం కూడా ఎక్కువగా వేరే దారిలో, ఒంట్లో మంటను తగ్గించే అడినోసిన్ అనే పదార్థం పెరగడం వల్ల. కాబట్టి ఫోలిక్ యాసిడ్ నోటిపూత, వికారం తగ్గిస్తుందే గానీ మందును పెద్దగా చెడగొట్టదు. క్యాన్సర్‌కిచ్చే భారీ డోసు దగ్గర అది చాలదు, దానికీ ఈ ఎంజైమే చుట్టకుదురు పెట్టాలి కదా! అక్కడ ల్యూకోవోరిన్ అనే మందు ఇస్తారు. అది చుట్టకుదురుతోనే వచ్చే కూలీ.

అమావాస్యని ఒక ఆదివారం మానేశారట. తిథికీ మందుకీ సంబంధం లేదని చెప్పాను. వారానికోసారి వేసుకోవాల్సింది పొరపాటున రోజూ వేసుకుంటే మాత్రం ప్రాణం మీదకొస్తుంది. స్ట్రిప్పు మీద పెన్నుతో పెద్దగా 'ఆదివారం ఒక్కటే' అని రాసిచ్చాను.