ప్రాక్టీసు గది తలుపు ఎవరు తెరవాలి?

అమెరికా యూనివర్సిటీల్లో కోచ్ కూడా ఉద్యోగే. చాలాచోట్ల యూనివర్సిటీ అధిపతి అయిన ప్రెసిడెంట్ కంటే అతని జీతమే ఎక్కువ. ఆటగాళ్లను ఎలా దండించాలో తేల్చే పని అతని చేతికి ఒక్కరోజులో పోలేదు, యూనివర్సిటీలే మెల్లమెల్లగా వదిలేశాయి.

1905లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ కుర్రాళ్లు చనిపోతుంటే దేశాధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జోక్యం చేసుకున్నారు. మరుసటి ఏడాది పుట్టిన సంఘమే కాలేజీ క్రీడలను నడిపే నేటి ఎన్‌సీఏఏ. ఆట నియమాలు మారాయి గానీ ప్రాక్టీసులో కోచ్ మాటే చెల్లుతూ వచ్చింది.

ఇండియానా యూనివర్సిటీకి మూడు జాతీయ టైటిళ్లు తెచ్చిన బాస్కెట్‌బాల్ కోచ్ బాబ్ నైట్ 1997లో ఒక ఆటగాడి గొంతు పట్టుకున్నాడు. ఆ వీడియో 2000లో టీవీలో వచ్చాకే ప్రెసిడెంట్ మైల్స్ బ్రాండ్ గట్టిగా హెచ్చరించారు, సెప్టెంబరులో తీసేశారు.

పెన్ స్టేట్ యూనివర్సిటీలో గొడవ ఇంకో రకం. 2007లో కొందరు ఆటగాళ్లు ఒక అపార్ట్‌మెంట్‌లో జొరబడి కొట్లాటకు దిగితే, కోచ్ జో పటర్నో టీమంతటితో మ్యాచ్‌ల తర్వాత స్టేడియం ఊడ్పిస్తానన్నాడు. మిగతా విద్యార్థులకున్న నియమాలే వీళ్లకూ ఉండాలని పట్టుబట్టిన విద్యార్థి వ్యవహారాల వైస్ ప్రెసిడెంట్ విక్కీ ట్రిపోనీ ఆ ఏడాదే పదవి వదులుకున్నారు. నా దృష్టిలో మొత్తం కథకు కీలకం ఇదే: నిలదీసిన అధికారి వెళ్లిపోయారు, కోచ్ ఉండిపోయాడు.

రట్గర్స్ యూనివర్సిటీ సంగతి మరీ బాధాకరం. బాస్కెట్‌బాల్ కోచ్ మైక్ రైస్ ఆటగాళ్లను తోస్తూ, బంతితో కొడుతూ, బూతులు తిడుతున్న వీడియో 2012 చివర్లోనే క్రీడా విభాగాన్ని చూసే అథ్లెటిక్ డైరెక్టర్ చేతికొచ్చింది. మూడు మ్యాచ్‌ల సస్పెన్షన్, జరిమానాతో సరిపెట్టారు. ప్రెసిడెంట్‌కు విషయం తెలుసు, కానీ వీడియో మాత్రం చూడలేదు. 2013 ఏప్రిల్‌లో ఈఎస్‌పీఎన్ ప్రసారం చేసిన రోజే చూశారు, మర్నాడే కోచ్‌ను పంపించేశారు. అరగంట కూర్చుని ముందే చూసి ఉంటే ఆ పిల్లలకు కొన్ని నెలలు తప్పేవి.

2018 మేలో మేరీల్యాండ్ యూనివర్సిటీలో ఒక ఫుట్‌బాల్ ఆటగాడు పరుగుల ప్రాక్టీసులో వడదెబ్బకు కూలిపోయాడు. చల్లటి నీళ్ల తొట్టిలో ముంచితే ఒంటి వేడి త్వరగా దిగుతుంది, అది చేయలేదు. అంబులెన్స్‌కు ఫోన్ చేసేసరికే గంట దాటింది. రెండు వారాలకు చనిపోయాడు, వయసు 19. ఆగస్టులో వాలెస్ లో అనే ప్రెసిడెంట్ బాధ్యత యూనివర్సిటీదేనని ఒప్పుకున్నారు. అక్టోబరు 30న పాలక మండలి మాత్రం కోచ్‌ను కొనసాగించాలంది. మర్నాడే ప్రెసిడెంట్ ఆ కోచ్‌ను తీసేశారు. ఆ తర్వాతి రోజు మండలి చైర్మన్ రాజీనామా చేశారు.