బ్రౌజరులో వీడియో రికార్డింగు: అపోహలు - వాస్తవాలు

ఫ్లాష్ ప్లేయరు ఉన్న రోజుల్లో వెబ్ పేజీ నుంచి కెమెరాతో వీడియో రికార్డు చేయాలంటే కంప్యూటరులో ప్లగిన్ (బ్రౌజరుకు తగిలించే అదనపు సాఫ్ట్‌వేరు) ఒకటి, దాని వెనుక మీడియా సర్వరు ఒకటి ఉండవలసి వచ్చేది. 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ ఫ్లాష్‌ను ఆపివేసింది; అప్పటికే ఆ పనిని బ్రౌజర్లు సొంతంగా చేయడం మొదలుపెట్టాయి. అందువల్లనే కాబోలు, "ఒక రికార్డు బటన్ పెట్టండి, అంతే కదా" అని అడిగేవారు ఎక్కువయ్యారు. విజయవాడ మొగల్రాజపురంలో చిన్న కార్యాలయం పెట్టుకుని ఈ పని చేస్తున్న నాకు బటన్ పెట్టడానికి అరపూట చాలు. ఆ బటన్ వల్ల పుట్టిన ఫైలు చెడకుండా సర్వరుకు చేరి, ఇంకొకరి ఫోనులో సరిగా ఆడేలా చూడటానికే వారాలు పడుతుంది. గుంటూరు బ్రాడీపేటలో కూచిపూడి నేర్పే ఒక గురువు గారి కోసం, శిష్యులు ఇంటి దగ్గర సాధన చేసి పంపే వీడియోల పేజీని తయారుచేసినప్పుడు ఎదురైన అపోహలనే ఇక్కడ ఎక్కువగా ప్రస్తావిస్తున్నాను.

అపోహ: నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తే అందరి దగ్గరా పనిచేస్తుంది.

కెమెరా అనుమతిని బ్రౌజర్లు సురక్షితమైన చిరునామాకే, అంటే హెచ్‌టీటీపీఎస్ ఉన్న పేజీకే ఇస్తాయి. సొంత యంత్రంలోని లోకల్‌హోస్ట్‌కు మాత్రం మినహాయింపు ఉంది. గురువు గారికి చూపించడానికి వెళ్లి, నా ల్యాప్‌టాప్ ఐపీ చిరునామాను ఆమె ఫోనులో మామూలు హెచ్‌టీటీపీతో తెరిచిన రోజున అనుమతి అడిగే పెట్టె కూడా రాలేదు. కోడులో తప్పు లేకపోయినా అరగంట పాటు కోడులోనే తప్పు వెతికాను.

అపోహ: వీడియో అంటే వీడియోయే, ఎక్కడ రికార్డు చేసినా ఒకటే.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తినే అపోహ ఇది. రికార్డింగుకు బ్రౌజరులో ఉన్న సాధనం పేరు మీడియారికార్డర్. ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్ చాలాకాలం వెబ్‌ఎం అనే రకం వీడియో ఫైళ్లనే ఇచ్చింది, 2024లో గాని ఎంపీ4 అనే ఇంకొక రకాన్ని ఇవ్వడం మొదలుపెట్టలేదు. ఐఫోనులోని సఫారీకి 2021 ప్రాంతంలో ఈ సాధనం వచ్చింది, మొదట్లో అది ఇచ్చింది ఎంపీ4. కాబట్టి శిష్యురాలు ఆండ్రాయిడ్‌లో తీసిన వెబ్‌ఎం ఫైలు గురువు గారి పాత ఐఫోనులో తెరుచుకోకపోవడంలో వింత లేదు. ఏ బ్రౌజరు ఏ రకం ఫైలు ఇవ్వగలదో రికార్డు మొదలుపెట్టే ముందే దానినే అడిగి తెలుసుకోవాలి, సర్వరుకు చేరాక అందరికీ ఆడే ఒకే రకంలోకి మార్చుకోవాలి.

దీనికి తోడు ఇంకొక చిక్కు ఉంది. క్రోమ్‌లో రికార్డయిన వెబ్‌ఎం ఫైలును తెరిస్తే మొత్తం నిడివి కనబడదు, వీడియోను ముందుకు జరపబోతే జరగదు. ఫైలు పాడైందని శిష్యులు మళ్లీ మళ్లీ పంపేవారు. నిజానికి ఫైలు పాడవలేదు. నిడివి రాయవలసిన చోటు ఫైలు మొదట్లో ఉంటుంది. రికార్డు మొదలైన క్షణాన అది ఎంతసేపు సాగుతుందో బ్రౌజరుకు తెలియదు, ముగిశాక వెనక్కి వెళ్లి ఆ గడిని నింపదు. సర్వరులో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియోలు మార్చే సాఫ్ట్‌వేరుతో, చిత్రాన్ని తిరిగి కుదించకుండా పై పెట్టెను, అంటే చిత్రాన్నీ శబ్దాన్నీ కలిపి ఉంచే ఫైలు అమరికను మాత్రం మార్చి రాస్తే నిడివి, జరిపే సౌకర్యం రెండూ వస్తాయి, దానికి పట్టేది కొద్ది సెకన్లే.

ఫైలు బరువు గురించి ఒక లెక్క చెప్పి ముందుకు సాగుతాను. సెకనుకు 25 లక్షల బిట్ల చొప్పున రికార్డు చేస్తే నిమిషానికి దాదాపు 19 ఎంబీ అవుతుంది, పది నిమిషాల సాధనకు 190 ఎంబీ. అంత ఫైలును చివరన ఒక్కసారిగా పంపమంటే పల్లెలో ఉన్న పిల్ల ఫోను చేతులెత్తేస్తుంది. అందుకే రెండు మూడు సెకన్లకు ఒక ముక్క చొప్పున రికార్డు నడుస్తుండగానే పంపిస్తాను. అయితే ప్రతి ముక్కా ఒక చిన్న వీడియో అనుకోకూడదు. వీడియోను ఎలా విప్పాలో చెప్పే శీర్షిక భాగం మొదటి ముక్కలోనే ఉంటుంది కనుక, తరువాతి ముక్క విడిగా ఆడదు; వరుస తప్పకుండా అన్నిటినీ అతికిస్తేనే వీడియో అవుతుంది.

అపోహ: మైకు విన్నదంతా రికార్డవుతుంది.

మొదటి నెలలో గురువు గారు ఫోను చేసి, "బాబూ, పిల్ల ఆడుతోంది గానీ గజ్జెలు మోగడం లేదేమిటి?" అని అడిగారు. ఆ ప్రశ్నే నాకు అసలు పాఠం. బ్రౌజరు సాధారణంగా మైకు శబ్దాన్ని మాటల కోసమని శుభ్రం చేసి ఇస్తుంది: ప్రతిధ్వనిని తీసివేస్తుంది, నేపథ్యపు రొదను అణుస్తుంది, స్థాయిని తనంతట తానే పెంచి తగ్గిస్తుంది. మనిషి గొంతు కానిదంతా దానికి రొదే. స్పీకరులో వస్తున్న నట్టువాంగాన్ని (నాట్యానికి వేసే తాళాన్ని, చెప్పే జతులను) ప్రతిధ్వనిగా, గజ్జెల చప్పుడును రొదగా భావించి తుడిచివేసింది. మైకు అడిగేటప్పుడే ఈ మూడింటినీ వద్దని చెప్పడంతో గజ్జెలు వినిపించాయి. మౌఖిక పరీక్షలకు తయారుచేసిన పేజీలో మాత్రం మూడింటినీ ఉంచాను, ఎందుకంటే అక్కడ ఫ్యాను చప్పుడు కన్నా మాటే కావాలి.

తెరపై కనిపించినదానికీ రికార్డయిన వీడియోకూ ఎడమ కుడి తారుమారైందన్న ఫిర్యాదు కూడా వచ్చేది, దానికి సమాధానం చిన్నదే. తెరపై మనల్ని మనం అద్దంలో చూసుకున్నట్టు చూపడానికి పేజీలో బొమ్మను తిప్పుతాం. రికార్డయ్యే ఫైలు తిరగదు. హస్తాలు, పాదాలు దిద్దే గురువుకు తిరగని ఫైలే కావాలి.

అపోహ: పాఠం వీడియోలో ఏ క్షణాన ప్రశ్న రావాలంటే ఆ క్షణానే వస్తుంది.

శిష్యులు చూసే పాఠం వీడియోలో, ఒక అడవు (నాట్యంలోని ప్రాథమిక కదలిక) పూర్తయిన చోట వీడియో ఆగి, తరువాతి అడుగు ఏదో ఎంచుకోమని అడగాలన్నది గురువు గారి కోరిక. ఆడుతున్న కాలాన్ని తెలిపే సంకేతం బ్రౌజరు నుంచి సెకనుకు నాలుగుసార్లే రావచ్చు. సెకనుకు 25 చిత్రాల వీడియోలో ఆ మధ్యకాలంలో ఆరు చిత్రాలు దాటిపోతాయి, పాదం నేలను తాకి మళ్లీ లేచేస్తుంది. చిత్రం చిత్రానికీ కబురు చెప్పే సదుపాయం 2020లో క్రోమ్‌లోకి వచ్చింది, దాన్నే వాడాను. ఎంచుకున్న జవాబును బట్టి వేరే భాగానికి దూకవలసి వస్తే, దూకే ప్రతి చోటా కీలక చిత్రం (ముందరి చిత్రాలపై ఆధారపడకుండా తనంతట తానే విప్పుకునే చిత్రం) ఉండేలా వీడియోను ముందే కుదించాలి. లేకపోతే వెనుక ఎక్కడో ఉన్న కీలక చిత్రం నుంచి విప్పుకుంటూ రావడంతో ఫోను తడబడుతుంది.

రికార్డు ఆపగానే కెమెరా కూడా ఆగిందనుకోవడం ఒకటి మిగిలింది. రికార్డరును ఆపడం వేరు, కెమెరా ప్రవాహాన్ని ఆపడం వేరు. రెండవది మరచిపోతే పేజీ మూసేదాకా కెమెరా దీపం వెలుగుతూనే ఉంటుంది. శిష్యుల్లో ఎక్కువమంది పద్ధెనిమిదేళ్ల లోపువారు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అటువంటి వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది. దీపం ఆరలేదని ఒక తల్లి భయపడి అడిగిన తరువాత, ఆపు బటన్ కింద "కెమెరా ఆగింది" అన్న మాటను, ప్రవాహం నిజంగా ఆగిందని సరిచూసుకున్నాకే, పెద్ద అక్షరాలతో చూపిస్తున్నాను.