ఏడక్షరాల పేజీ, మూడు రకాల చెట్లు: మార్కప్ పార్సింగ్ చిక్కుకు నేపథ్యం

వెబ్ పేజీల నుంచి సమాచారం ఏరే ప్రోగ్రాములు రాసేవారికి ఒక ఇబ్బంది తరచూ ఎదురవుతుంది. సొంత కంప్యూటర్లో చక్కగా నడిచిన స్క్రిప్టు, సర్వర్ మీదికి ఎక్కించాక ఖాళీ జాబితా ఇస్తుంది. కోడులో ఒక్క అక్షరం మారలేదు, పేజీ కూడా మారలేదు. వెతగ్గా వెతగ్గా తేలేది ఏమిటంటే, పైథాన్‌లోని బ్యూటిఫుల్ సూప్ లైబ్రరీకి ఫలానా పార్సర్‌ను (పేజీ పాఠాన్ని చదివి, ఒకదాని లోపల ఒకటి ఇమిడిన ముక్కల చెట్టుగా మార్చే ప్రోగ్రామును) వాడమని చెప్పకపోతే, ఆ యంత్రంలో ఉన్నవాటిలో మెరుగైనదాన్ని అదే ఎంచుకుంటుంది. సొంత కంప్యూటర్లో ఎల్‌ఎక్స్‌ఎంఎల్ అనే పార్సర్ ఉంది, సర్వర్‌లో లేదు. పార్సర్ మారింది కాబట్టి చెట్టు మారింది, చెట్టు మారింది కాబట్టి వెతికిన కొమ్మ దొరకలేదు.

ఈ తేడా ఎంత చిన్న పాఠంలోనైనా కనిపిస్తుంది. పేజీలో ఒక ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే కోణపు గుర్తుల రాతను ట్యాగు అంటారు. ‘ఏ’ ట్యాగును తెరిచి, దాన్ని మూయకుండానే, అసలెప్పుడూ తెరవని ‘పి’ ట్యాగుకు ముగింపు పెట్టామనుకుందాం. కోణపు గుర్తులతో కలిపి మొత్తం ఏడక్షరాలు. ఎల్‌ఎక్స్‌ఎంఎల్ దీన్ని చదివి, దిక్కులేని ‘పి’ ముగింపును పారేసి, ‘ఏ’ని తానే మూసి, చుట్టూ ‘హెచ్‌టీఎంఎల్’, ‘బాడీ’ ట్యాగులు కడుతుంది. హెచ్‌టీఎంఎల్5లిబ్ అనే మరో పార్సర్ ఆ ముగింపును పారేయదు. దానికి ముందు ఒక ప్రారంభాన్ని కల్పించి, ‘ఏ’ లోపల ఖాళీ పేరాను నిలబెడుతుంది, పైగా ఖాళీ ‘హెడ్’ను కూడా చేరుస్తుంది. పైథాన్‌తోపాటే వచ్చే పార్సర్ ముగింపును పారేసి ఊరుకుంటుంది. ‘హెచ్‌టీఎంఎల్’ లేదు, ‘బాడీ’ లేదు, ఒంటరి ‘ఏ’ మాత్రమే మిగులుతుంది. మూడింటిలో ఏదీ చెడిపోయినది కాదు. తప్పుగా రాసిన పాఠాన్ని సరిచేసే భారం రాసినవారిదా, చదివేవారిదా అన్న ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో దొరికిన వేర్వేరు జవాబులవి.

ఆ ప్రశ్న వెబ్ కంటే పాతది. 1969లో ఐబీఎంలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ కలిసి రూపొందించిన జీఎంఎల్ అనే మార్కప్ భాష (పాఠంలో గుర్తులు పెట్టే పద్ధతి) దీనికి మొదలు. ఆ మూడక్షరాలు ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కూడా కావడం కాకతాళీయం కాదు. పాఠంలోని ఒక ముక్క ఎలా కనిపించాలో కాక, అది ఏమిటో గుర్తు పెట్టాలన్నది వారి ఆలోచన: ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా అని చెబితే చాలు, ఏ అక్షరాల్లో ఎంత పరిమాణంలో అచ్చు వేయాలో తర్వాత చూసుకోవచ్చు. ఇది పెరిగి 1986లో ఎస్‌జీఎంఎల్ పేరుతో ఐఎస్‌ఓ 8879 ప్రమాణమైంది.

ఎస్‌జీఎంఎల్ కాలంలో ట్యాగులను మనుషులే కూర్చుని టైపు చేసేవారు. వారి చేతుల మీద జాలితో ప్రమాణం ఒక వెసులుబాటు ఇచ్చింది: సందర్భాన్ని బట్టి ఊహించగలిగిన ట్యాగులను రాయకుండా వదిలేయవచ్చు. ఏది వదలవచ్చో, దేని లోపల ఏది రావచ్చో పత్రంతోపాటు ఉండే డీటీడీ అనే నిర్వచనంలో రాసి ఉంటుంది. పార్సర్ ముందు దాన్ని చదివి, ఆ తర్వాతే పత్రాన్ని అర్థం చేసుకోవాలి. ఈ వెసులుబాటు నేటికీ మనల్ని వదల్లేదు. పట్టికలో వరుసలను చుట్టే ‘టీబాడీ’ ట్యాగును రాయనవసరం లేదని హెచ్‌టీఎంఎల్ అంటుంది, కానీ రాయకపోయినా అది ఉన్నట్టే లెక్క. అందుకే బ్రౌజరులో ఒక గడి మీద మీట నొక్కి దాని ఎక్స్‌పాత్ దారిని (చెట్టు మొదలు నుంచి ఆ గడి దాకా వెళ్లే చిరునామాను) కాపీ చేస్తే, అందులో ‘టీబాడీ’ కనిపిస్తుంది. అదే దారిని ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌కు ఇస్తే ఏమీ దొరకదు, ఎందుకంటే మూల పాఠంలో లేని ‘టీబాడీ’ని అది కల్పించదు. ఈ ఒక్క సంగతి తెలియక పోగొట్టుకున్న సాయంత్రాలు నాకే కొన్ని ఉన్నాయి.

సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ హెచ్‌టీఎంఎల్‌ను తయారుచేసినప్పుడు ట్యాగుల రూపాన్ని ఎస్‌జీఎంఎల్ నుంచే తీసుకున్నారు. 1995 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 1866 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0, తాను ఎస్‌జీఎంఎల్ కోవకే చెందుతానని కాగితం మీద రాసుకుంది. బ్రౌజర్లు మాత్రం ఆ కాగితాన్ని పట్టించుకోలేదు. డీటీడీని తెరిచి చదివే ఓపిక వాటికి లేదు. ట్యాగు కనిపిస్తే తమకు తోచిన పని చేసి ముందుకు పోయేవి. పంపేటప్పుడు నిక్కచ్చిగా, అందుకునేటప్పుడు ఉదారంగా ఉండాలని నెట్‌వర్కు ప్రమాణాల కోసం జాన్ పోస్టెల్ 1980లో రాసిన సూత్రం అప్పటికే ఇంటర్నెట్ రంగంలో నానుడిగా మారింది. ఇక్కడ అందులో రెండో సగమే అమలైంది. పేజీలో తప్పుందంటూ దాన్ని తెరవకుండా మొరాయించే బ్రౌజరును వాడేవారెవరు? పక్క బ్రౌజరులో అదే పేజీ తెరుచుకుంటున్నప్పుడు నింద పడేది పేజీ రాసినవారి మీద కాదు, బ్రౌజరు మీద. కాబట్టి ప్రతి బ్రౌజరూ ఎదుటి బ్రౌజరు క్షమించిన తప్పులన్నిటినీ తానూ క్షమించడం నేర్చుకుంది. అలా పుట్టిన పాఠానికి ‘ట్యాగ్ సూప్’ అని పేరు పడింది.

క్షమించడంలో పేచీ లేదు. ఎలా క్షమించాలో ఎక్కడా రాసి లేకపోవడమే పేచీ. బొద్దు అక్షరాల ట్యాగు తెరిచి, దాని లోపల వాలు అక్షరాల ట్యాగు తెరిచి, ముందు బొద్దును మూసి, తర్వాత వాలును మూస్తే రెండు ట్యాగులు ఒకదానినొకటి కత్తెరలా దాటుతాయి. తెర మీద గీయడం సులువే. కానీ దాన్ని చెట్టుగా మార్చాలంటే ఒకదాని లోపల ఒకటి ఉండాలి. ఒక్కో బ్రౌజరు ఒక్కో విధంగా మార్చింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లోపల అయితే అది చెట్టు అనిపించుకునే ఆకారంలో కూడా ఉండేది కాదు, ఒకే కొమ్మ రెండు మానుల నుంచి మొలిచినట్టు ఉండేది. పోటీలో వెనకబడకుండా ఉండాలంటే కొత్త బ్రౌజరు చేసేవారు ఎదుటివారి నడవడికను బయటినుంచి తడిమి చూసి అనుకరించవలసి వచ్చేది.

దీనికి విసిగినవారి జవాబే ఎక్స్‌ఎంఎల్ అనే కొత్త మార్కప్ భాష. టిమ్ బ్రే, జాన్ పావొలీ, స్పెర్‌బర్గ్-మెక్‌క్వీన్ సంపాదకత్వంలో 1998 ఫిబ్రవరి 10న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ వెలువరించిన ఎక్స్‌ఎంఎల్ 1.0, వదిలేయదగిన ట్యాగులన్న మాటనే ఎత్తివేసింది. తెరిచిన ప్రతిదాన్నీ మూయాలి, లోపలిది ముందు మూయాలి. అందువల్ల డీటీడీ లేకుండానే ఏ పత్రాన్నైనా చెట్టుగా మార్చవచ్చు. ఒక్క తప్పు కనిపించినా పార్సర్ మామూలు పని ఆపేయాలి, ఊహించి సరిదిద్దకూడదు. గ్రీకు చరిత్రలో చిన్న నేరానికీ మరణశిక్ష వేసిన డ్రాకో పేరుమీద దీన్ని డ్రాకోనియన్ నియమం అన్నారు.

పార్సింగ్ లైబ్రరీలు రాసేవారికి ఇది వరమైంది. జేమ్స్ క్లార్క్ సీ భాషలో రాసిన ఎక్స్‌ప్యాట్, గ్నోమ్ అనే డెస్క్‌టాప్ ప్రాజెక్టు కోసం డేనియల్ వెయార్ మొదలుపెట్టిన లిబ్‌ఎక్స్‌ఎంఎల్ ఈ కాలానివే. ట్యాగు తెరుచుకుంది, మూసుకుంది అని వరుసగా కబురు చెప్పే శాక్స్ పద్ధతి 1998 మేలో, పత్రమంతటినీ మెమరీలో చెట్టుగా నిలిపే డామ్ ప్రమాణం అదే ఏడాది అక్టోబరులో వచ్చాయి. ఫ్రెడ్రిక్ లుండ్ రాసిన ఎలిమెంట్‌ట్రీ 2006లో పైథాన్ 2.5తోపాటు ప్రామాణిక లైబ్రరీలో చేరింది. చూడటానికి అంతా సర్దుకున్నట్టే ఉంది.

కొత్త చిక్కులు రెండు మాత్రం లోపలికి వచ్చాయి. ఒకటి, 1999 జనవరిలో చేరిన నేమ్‌స్పేస్‌లు: ఫైలు మొదట్లో ఒక చిరునామా రాసి ఉంటే లోపలి ప్రతి ట్యాగు పూర్తి పేరులో ఆ చిరునామా కలుస్తుంది; కంటికి ‘ఐటమ్’ అనే కనిపిస్తుంది, ఎలిమెంట్‌ట్రీలో ‘ఐటమ్’ కోసం వెతికితే ఒక్కటీ దొరకదు. రెండోది మరింత ప్రమాదకరం. ఒక పదబంధానికి పొట్టి పేరు పెట్టుకునే ఎంటిటీ అనే సదుపాయం ఎస్‌జీఎంఎల్ నుంచి వారసత్వంగా వచ్చింది. మూడక్షరాల నవ్వుకు ఒక పేరు పెట్టి, ఆ పేరును పదిసార్లు పిలిచే రెండో పేరు, దాన్ని పదిసార్లు పిలిచే మూడో పేరు ఇలా తొమ్మిది అంతస్తులు కడితే, ఒక కిలోబైటుకు అటూ ఇటూ ఉండే ఫైలు వంద కోట్ల నవ్వులుగా, అంటే సుమారు మూడు గిగాబైట్లుగా విచ్చుకుంటుంది. ఆ ఫైలులో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. ఎక్కువ నిక్కచ్చిగా ఉండే పార్సరే దానికి ముందు బలవుతుంది. ఎంత విచ్చుకోనివ్వాలో ఎక్స్‌ప్యాట్‌లో హద్దు పెట్టింది 2021 నాటి 2.4.0 వెర్షన్‌లోనే.

ఎక్స్‌ఎంఎల్ క్రమశిక్షణను వెబ్ పేజీలకూ తేవాలని 2000 జనవరిలో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0 వచ్చింది. దాని కథ కొంత హాస్యాస్పదంగా నడిచింది. చాలామంది శ్రద్ధగా ప్రతి ట్యాగునూ మూస్తూ పేజీలు రాశారు. కానీ వాటిని ఎక్స్‌ఎంఎల్ రకంగా పంపితే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెరవదు. ఆ సామర్థ్యం దానికి 2011లో వచ్చిన తొమ్మిదో వెర్షన్‌లో గానీ రాలేదు. దాంతో అందరూ మామూలు హెచ్‌టీఎంఎల్ రకంగానే పంపారు, బ్రౌజర్లు వాటిని పాత సూప్ పార్సర్‌తోనే చదివాయి. నియమం రాసినవారి సంతృప్తికే మిగిలింది, పేజీల మీద అమలు కాలేదు. యంత్రాలు యంత్రాల కోసం రాసే పత్రాల్లో ఆ నిక్కచ్చితనం చక్కగా పనిచేసింది, ఇప్పటికీ చేస్తోంది. మనుషులు చేత్తో రాసి, పది మంది మార్చి, మధ్యలో ప్రకటనల కోడు అతికించిన పేజీల మీద దాన్ని రుద్దడమే పొరపాటని నా అభిప్రాయం.

ఈలోగా పేజీల నుంచి సమాచారం తీయవలసినవారి అవసరం ఆగలేదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో, అంటే అక్షరాల నమూనాను బట్టి వెతికే సూత్రాలతో, ట్యాగులు పట్టే ప్రయత్నం అందరూ చేసినదే. ఒకే అచ్చులో పోసిన వంద ఫైళ్ల నుంచి శీర్షికలు ఏరడానికి అది సరిపోతుంది కూడా. ఒక డబ్బా లోపల ఇంకో డబ్బా, దాని లోపల మరొకటి అంటూ లోతు ఎంతైనా ఉండగల చోట మాత్రం, ఎన్ని తెరిచామో లెక్క పెట్టుకునే జ్ఞాపకం శుద్ధమైన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు ఉండదు. 2004లో లియోనార్డ్ రిచర్డ్‌సన్ విడుదల చేసిన బ్యూటిఫుల్ సూప్ ఆ ఖాళీని పూరించింది. పైథాన్‌తో వచ్చే ఎస్‌జీఎంఎల్‌లిబ్ అనే మాడ్యూల్ మీద అది నిలబడి, చెడ్డ పేజీలను తన సొంత అంచనాలతో సర్దుకుపోయేది. 2008 డిసెంబరులో పైథాన్ 3 వచ్చి ఆ మాడ్యూల్‌ను తీసేయడంతో పునాది కదిలింది. బదులుగా పట్టుకున్న పార్సర్ చెడ్డ పేజీల ముందు అంతగా నిలవలేదు. 2012లో వచ్చిన నాలుగో వెర్షన్ పార్సింగ్ బాధ్యతనే వదులుకుని, బయటి పార్సర్లలో ఏదైనా తగిలించుకోవచ్చంది. మొదట చెప్పిన మూడు రకాల చెట్లకు మూలం ఆ నిర్ణయంలో ఉంది.

బ్రౌజర్ల వైపు నుంచి వచ్చిన జవాబు వేరు. 2004 జూన్‌లో ఆపిల్, మొజిల్లా, ఒపేరాలకు చెందినవారు వాట్‌డబ్ల్యూజీ అనే బృందంగా ఏర్పడ్డారు. ఇయన్ హిక్సన్ సంపాదకత్వంలో వారు చేపట్టిన పనిలో కష్టతరమైనది కొత్త ట్యాగులు కాదు. తప్పు పేజీని ఎలా చదవాలో అడుగడుగునా రాసిపెట్టడం. తప్పును నిషేధించడం మాని, ప్రతి తప్పుకూ ఒకే ఒక ఫలితాన్ని నిర్ణయించారు. అక్షరాలను ట్యాగులుగా విడగొట్టే దశకే ఆ ప్రమాణంలో 80 స్థితులున్నాయి; విడగొట్టినవాటిని చెట్టులో ఎక్కడ తగిలించాలో చెప్పే దశలో ఇరవైకి పైగా సందర్భాలున్నాయి. పట్టికలో గడికి బయట దారితప్పిన మాటలుంటే వాటిని పట్టికకు ముందుకు చేర్చాలి; దీనికి పెంపుడు తల్లిదండ్రులను వెతకడమని పేరు. కత్తెరలా దాటిన ట్యాగులను విడదీసే విధానానికి దత్తత సంస్థ అని పేరు, అందులో ఒక చుట్టు ఎనిమిదిసార్లకు మించి తిరగకూడదన్న నియమం కూడా ఉంది. ఎనిమిదే ఎందుకని అడిగితే తర్కం దొరకదు. ఎక్కడో ఒకచోట ఆపాలి, అందరూ అక్కడే ఆపాలి. బొద్దు, వాలు ఉదాహరణలో ఇప్పుడు ఫలితం ఒక్కటే: బొద్దు మూసుకోగానే వాలు కూడా మూసుకుని, ఆ వెంటనే బొద్దుకు బయట కొత్త వాలు తెరుచుకుంటుంది. ఏడక్షరాల పాఠంలో ఖాళీ పేరా పుట్టడం కూడా ఈ నియమాల ప్రకారమే. హెచ్‌టీఎంఎల్5లిబ్ వాటిని యథాతథంగా పాటించే పైథాన్ లైబ్రరీ. 2011లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 4 ఈ విధానంతో రాసిన కొత్త పార్సర్‌తో విడుదలైంది. 2009లో డబ్ల్యూత్రీసీ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పనిని ఆపేస్తున్నట్టు ప్రకటించింది; 2014 అక్టోబరులో హెచ్‌టీఎంఎల్5ను తన ప్రమాణంగా వెలువరించింది.

రెండు పార్సర్లు ఒకే పాఠాన్ని వేర్వేరుగా చదవడం భద్రతకూ చేటే. వాడుకరులు పంపిన హెచ్‌టీఎంఎల్‌లోంచి హానికరమైన స్క్రిప్టులను వడగట్టే లైబ్రరీ ముందు దాన్ని చెట్టుగా చదివి, అక్కర్లేని కొమ్మలు నరికి, మళ్లీ పాఠంగా రాస్తుంది. ఆ పాఠాన్ని బ్రౌజరు తన పద్ధతిలో మరోసారి చదువుతుంది. వడపోతకు వ్యాఖ్యగానో, గుణం విలువగానో కనిపించినది బ్రౌజరుకు ట్యాగుగా కనిపించే చోటు ఒక్కటి దొరికినా చాలు, స్క్రిప్టు దాటిపోతుంది. దీన్ని మ్యుటేషన్ ఎక్స్‌ఎస్‌ఎస్ అంటారు. 2013లో పరిశోధకులు ఈ తరహా దాడులను క్రోడీకరించారు, అప్పటి నుంచి వడపోత లైబ్రరీలు ఒకదాని తర్వాత ఒకటి సవరణలు చేసుకుంటూనే ఉన్నాయి.

ప్రమాణం స్థిరపడినా పాత చెట్లు పోలేదు. ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌కు ఆధారమైన లిబ్‌ఎక్స్‌ఎంఎల్2లోని హెచ్‌టీఎంఎల్ పార్సర్ వాట్‌డబ్ల్యూజీ విధానానికి ముందే పుట్టింది. పీహెచ్‌పీ భాషలోని డామ్‌డాక్యుమెంట్, రూబీ భాషలోని నోకోగిరి ఏళ్ల తరబడి దాని మీదే ఆధారపడ్డాయి. నోకోగిరి 2021లో 1.12 వెర్షన్‌తో హెచ్‌టీఎంఎల్5 పార్సర్‌ను విడిగా చేర్చింది. 2024 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.4 కూడా కొత్త పద్ధతిలో చదివే వేరే క్లాసును ఇచ్చింది. రెండు చోట్లా కొత్తది పాతదాని పక్కన చేరిందే గానీ దాని స్థానంలోకి రాలేదు, ఎందుకంటే ‘టీబాడీ’ లేని దారులు రాసుకుని, ఏళ్లుగా సరైన జవాబులు ఇస్తున్న ప్రోగ్రాములు పాత చెట్టు మీదే వాలి ఉన్నాయి.