'మన విమానం' అంటే ఎవరిది? విమాన ఒప్పందాల మొదటి పేజీ వెనుక చరిత్ర

రెండు దేశాల విమాన సర్వీసుల ఒప్పందం చేతికొస్తే చాలామంది నిర్వచనాల పేజీ తిప్పేసి, వారానికి ఎన్ని విమానాలో చూస్తారు. కానీ పెద్ద తగాదాలు కొన్ని ఆ నిర్వచనాల చుట్టూనే జరిగాయి.

1944 డిసెంబరు 7న షికాగోలో 52 దేశాలు సంతకం చేసిన ఒడంబడిక ఒక విషయం తేల్చింది: ఏ దేశపు గగనతలంపై ఆ దేశానిదే పూర్తి హక్కు, అనుమతి లేనిదే పరాయి షెడ్యూల్డ్ విమానం (నిర్ణీత వేళలకు నడిచేది) రాకూడదు. ఎవరు ఎన్ని సీట్లు నడపాలో మాత్రం తేలలేదు. అమెరికా స్వేచ్ఛ కోరింది, బ్రిటన్ వాటాలు పంచాలంది. దాంతో బేరాలు ఇద్దరిద్దరి మధ్యకు మారాయి. 1946లో ఆ రెండు దేశాలూ బెర్ముడాలో రాజీపడి చేసుకున్న ఒప్పందమే తర్వాతివాటికి నమూనా అయింది. అదే ఏడాది అమెరికాతో మనమూ సంతకం చేశాం. అమెరికా సంస్థలు అవసరానికి మించి సీట్లు నడుపుతున్నాయన్న అభ్యంతరంతో 1954లో దాన్ని రద్దు చేస్తామని నోటీసిచ్చాం. కొత్త ఒప్పందం 1956లో కుదిరింది.

కొన్ని నిర్వచనాలు షికాగో నుంచి నేరుగా దిగాయి. 'భూభాగం' అంటే ఏమిటో ఆ ఒడంబడిక 2వ అధికరణం చూసుకోమంటారు. అక్కడ ఒక దేశపు సార్వభౌమత్వం కింద ఉన్న నేలతో పాటు దాని రక్షణలో, మాండేట్‌లో (నానాజాతి సమితి అప్పగించిన పాలనలో) ఉన్న నేల కూడా లెక్కలోకి వస్తుంది. అవి వలసపాలన నాటి మాటలు. 'విమానయాన అధికారి' దగ్గర పదవి పేరు రాసి, 'లేదా ఆ పని అప్పగించిన మరొకరు' అని కలుపుతారు. ఇది ముందుచూపు. అమెరికాలో ఆ పని చూసిన సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు 1984 చివర్లో రద్దయి, బాధ్యత రవాణా శాఖకు వెళ్లింది.

అన్నిటికంటే చిక్కు ప్రశ్న మరొకటి: ఒక దేశం తన తరఫున ఎంపిక చేసిన ఎయిర్‌లైన్ నిజంగా ఆ దేశానిదేనా? గణనీయమైన యాజమాన్యం, వాస్తవ నియంత్రణ ఆ దేశం లేదా దాని పౌరుల చేతిలో ఉండాలన్నది పాత నియమం. లేకపోతే మూడో దేశం సంస్థ దొడ్డిదారిన హక్కులు వాడుకుంటుందన్న భయం అందుకు కారణం. 1997లో చైనా చేతికి వెళ్లిన హాంకాంగ్‌కు ఈ నియమం పనికిరాలేదు. అక్కడి ఎయిర్‌లైన్ కాథే పసిఫిక్ వెనుక ఉన్నది స్వైర్ అనే బ్రిటిష్ గ్రూపు. అందుకే హాంకాంగ్ ఒప్పందాల్లో 'అక్కడ నమోదై, ప్రధాన వ్యాపార కార్యాలయం అక్కడే ఉండాలి' అనే కొలమానం పెట్టుకున్నారు. 2002 నవంబరు 5న ఐరోపా న్యాయస్థానం, అమెరికాతో ఒప్పందాల్లో సభ్యదేశాలు పెట్టుకున్న జాతీయత షరతు ఐరోపా చట్టానికి విరుద్ధమని తేల్చింది.

మన దగ్గర ఈ మాటల బరువు 2013లో తెలిసొచ్చింది. దేశీయ సంస్థల్లో విదేశీ ఎయిర్‌లైన్లు 49 శాతం వరకు వాటా కొనొచ్చని 2012 సెప్టెంబరులో కేంద్రం అనుమతించింది. ఆ మరుసటి ఏడాది జెట్ ఎయిర్‌వేస్‌లో అబుదాబి సంస్థ ఎతిహాద్ 24 శాతం తీసుకుంటానంది. వాటా చిన్నదే, కానీ వాటాదారుల ఒప్పందం ఎతిహాద్‌కు ఇచ్చిన అధికారాలు చూసి నియంత్రణ ఎవరిదని నియంత్రణ సంస్థలు నిలదీశాయి. పత్రాలు మార్చాకే అనుమతి వచ్చింది. నా ఉద్దేశంలో అది సరైన నిలదీతే. శాతం లెక్కతో యాజమాన్యం తెలుస్తుంది, నియంత్రణ తెలియదు.

'కెపాసిటీ' నిర్వచనం మన ఊళ్లకు మరింత దగ్గరిది. పాత పత్రాల్లో దాన్ని విమానంలో పట్టే బరువును ట్రిప్పుల సంఖ్యతో హెచ్చించి లెక్కగట్టేవారు. దుబాయ్‌తో మన లెక్క వారానికి సీట్లలో ఉంది, రెండు వైపుల సంస్థలకూ చెరి సుమారు 66 వేలు. విదేశీ సంస్థ ఎక్కడ దిగొచ్చో చెప్పే ఊళ్ల జాబితా వేరే. వీటిని పాయింట్స్ ఆఫ్ కాల్ అంటారు. దుబాయ్ సంస్థ ఎమిరేట్స్ దిగే తొమ్మిది భారతీయ నగరాల్లో హైదరాబాద్ ఉంది, విజయవాడ లేదు. విజయవాడ విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది, కానీ ఆ హోదాతోనే విదేశీ విమానం రాదు, ఒప్పందంలో ఊరి పేరు ఉండాలి. జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లే కార్మికుడి టికెట్ ధరలో ఈ సీట్ల పరిమితికీ వాటా ఉంది, అడిగేవాళ్లే తక్కువ.