రేకు పూరేకు కావాలంటే: పిల్లలకు ఒక ఉత్తరం

కోవూరు,
నెల్లూరు జిల్లా.

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో మీరందరూ మా పెరటి కొట్టంలోకి వచ్చి, కిటికీ ఊచకు వేలాడుతున్న రాగి మందారాన్ని చూసి, దాన్ని ఏ ఊళ్ళో కొన్నానని అడిగారు. కొనలేదు, ఇక్కడే చేశానని చెబితే మీలో ఒకరు నమ్మనే లేదు. ఇంకొకరు మాత్రం, వేసవిలో పదవీ విరమణ చేయబోతున్న మీ టీచరుగారికి అలాంటి పువ్వునే మీ చేతులతో చేసి ఇవ్వాలని ఉందని, నేర్పమని అడిగారు. పండగ హడావిడిలో ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. పని మొదలుపెట్టే ముందు తెలుసుకోవలసినది కొంత ఉంది కనుక, దాన్ని ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

నేను కంచరి వృత్తిలో పుట్టినవాణ్ణి కాను. ముప్పై ఏళ్ళకు పైగా ట్రాన్స్‌ఫార్మర్ల మరమ్మతు షెడ్డులో పనిచేశాను. అక్కడ రాగి తీగలను, రాగి పట్టీలను రోజూ పట్టుకొని, వంచి, చుట్టిన చేతులు ఉద్యోగం అయిపోయాక ఊరుకోలేదు. అందువల్ల నేను చెప్పే మాటల్లో కంచరుల నేర్పు కన్నా, ఒక మరమ్మతు పనివాడు తప్పులు చేసి నేర్చుకొన్న సంగతులే ఎక్కువగా ఉంటాయి.

ముందుగా ఒక మాటను గమనించండి. మన భాషలో పువ్వుకూ రేకే, లోహానికీ రేకే. తామర రేకు అంటాము, తగరపు రేకు అంటాము. తాళ్ళపాక కవుల సంకీర్తనలను చెక్కించిన రాగి పలకలను కూడా రాగిరేకులనే అంటారు. అవి తిరుమల ఆలయ భాండాగారంలో దొరికాయి, ఈనాటికీ అచ్చు పుస్తకాలలో ఆ కీర్తనలకు రేకు సంఖ్య వేస్తారు. మన పెద్దలు రెండింటికీ ఒకే మాట ఎందుకు వాడారో పని చేస్తుంటే తెలుస్తుంది. రెండూ పలచనివే, రెండూ వంగేవే. తేడా అంతా ఆ వంపులోనే ఉంది. అంగట్లో కొన్న రేకును పూరేకు ఆకారంలో కత్తిరించినంత మాత్రాన అది పువ్వులో రేకు కాదు, కత్తిరించిన డబ్బా ముక్కే అవుతుంది. దానికి వంపు రావాలి, వంపు రావాలంటే లోహం మెత్తబడాలి, మెత్తబడాలంటే నిప్పు కావాలి. ఈ ఉత్తరమంతా ఆ సంగతి గురించే.

మొదటి పని సుత్తి పట్టడం కాదు. ఒక రెక్క మందారాన్ని, ముద్ద మందారాన్ని కాదు సుమా, కోసి తెచ్చి తెల్ల కాగితం మీద ఒక్కొక్క రేకునే విడదీయండి. రేకులు ఐదు. ఒక్కొక్క రేకుకు ఒక అంచు పక్క రేకు మీదికి, రెండవ అంచు అటుపక్క రేకు కిందికి వచ్చి, ఐదూ ఒకే దిక్కుకు తిరిగినట్లు ఉంటాయి. మొదల్లో రేకు ఇరుకుగా, మందంగా ఉంటుంది. చివరకు పోయేకొద్దీ వెడల్పై, అంచు కొద్దిగా అల పడినట్లు ముడుచుకొంటుంది. ఈనెలన్నీ రేకు మొదలు నుంచి విసనకర్ర పుల్లల్లాగా విచ్చుకొంటాయి. నడుమ నుంచి ఒక కాడ బయటికి పొడుచుకొని వస్తుంది. దాని పొడవునా పుప్పొడి తలలున్న సన్నని పోగులు, చిట్టచివర ఐదు చిన్న ఎర్ర బొడిపెలు. ఇవన్నీ చూసి, ప్రతి రేకునూ కాగితం మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసుకొంటే మీ నమూనా సిద్ధమవుతుంది. ఫోన్‌లోని బొమ్మను చూసి గీసిన నమూనాతో చేసిన పువ్వు ఎందుకో ఎప్పుడూ ఫ్యాను రెక్కలాగే కనిపిస్తుంది.

రేకు విషయానికి వస్తే, నెల్లూరు చిన్నబజారు వైపు పాత్రల అంగళ్ళలో అడిగితే తూకం మీద ఇస్తారు. మందాన్ని గేజి నంబరులో చెబుతారు. నంబరు పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది, ఇది మొదట అందరినీ తికమక పెడుతుంది. మనకు 28 గేజి, అంటే సుమారు 0.38 మిల్లీమీటర్ల రాగి రేకు సరిపోతుంది. 24 గేజి కొంటే మీ చేతి బలం చాలదు. మరీ పలచనిది కొంటే సుత్తి దెబ్బకు చిరుగుతుంది. 28 గేజిలో అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్క సుమారు 310 గ్రాములు తూగుతుంది. నమూనాలను సర్దుకొని గీసుకొంటే అందులో నాలుగైదు మందారాలు వస్తాయి. రాగి ధర తక్కువేమీ కాదు కాబట్టి, మొదటి రెండు పువ్వులను అల్యూమినియం రేకుతో చేసి చేయి తిప్పుకోండి.

కత్తిరించడానికి రేకు కత్తెర కావాలి. కత్తెర ముక్కును పూర్తిగా మూయకుండా, కొంత మేర కోసి ముందుకు జరుపుతూ పోతే అంచు నునుపుగా వస్తుంది. ప్రతి కోతకూ కత్తెరను మూసేస్తే అంచున పళ్ళు పడతాయి. కోసిన అంచు బ్లేడుతో సమానం. తోలు చేతి తొడుగులు వేసుకొని, ఆకురాయితో అంచు చుట్టూ రెండు వైపులా రుద్ది, ఆ పైన ఉప్పు కాగితంతో నున్నగా చేసిన తరువాతే ఉత్త చేతితో పట్టుకోవాలి.

ఇక నిప్పు సంగతి. దీన్ని కొంచెం నిదానంగా చదవండి.

ఇంట్లో పారేసిన కరెంటు వైరు ఉంటే లోపలి ఒంటి రాగి తీగను బయటికి తీసి, ఒకే చోట అటూ ఇటూ వంచి చూడండి. మొదటి వంపు సులువుగా వస్తుంది. నాలుగోసారికి బిగుసుకొంటుంది. ఇంకొన్నిసార్లు వంచితే ఆ చోట టక్కున విరుగుతుంది. లోహం లోపల కంటికి కనిపించని చిన్న చిన్న స్ఫటికాలు ఒకదాన్నొకటి ఒరుసుకొని ఉంటాయి. మనం వంచినప్పుడు వాటిలోని పొరలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. జారేకొద్దీ, దువ్వని జడలాగా లోపల చిక్కులు పడతాయి. చిక్కులు పెరిగేకొద్దీ జారడం కష్టమవుతుంది. దాన్నే మనం గట్టిపడడం అంటున్నాము. సుత్తితో కొట్టినా జరిగేది ఇదే. ఎర్రగా కాల్చినప్పుడు ఆ చిక్కుపడిన స్ఫటికాల స్థానంలో చిక్కులేని కొత్త స్ఫటికాలు పుడతాయి, రాగి మళ్ళీ మెత్తబడుతుంది.

కాల్చే పని నేనే చేస్తాను, మీరు నాలుగడుగుల దూరంలో నిలబడి చూడాలి. కొట్టంలో నీడగా ఉన్న మూలలో, ఇటుక మీద రేకును పెట్టి గ్యాసు టార్చి మంట చూపిస్తాను. ఎండలో ఈ పని చేయకూడదు, ఎందుకంటే ఎండలో ఎరుపు కనిపించదు, కనిపించే వేళకు రాగి కరిగే దాకా పోతుంది. మంట తగిలిన కొద్ది సేపటికి రేకు మీద నారింజ రంగు పాకుతుంది, దాని వెనకే ఎరుపు, ఊదా, నీలం వరుసగా పరుగెత్తుతాయి. అవి పూసిన రంగుల్లాంటివి కావు. రాగి మీద గాలి తగిలి ఏర్పడే పలచని పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగి వచ్చే వెలుతురు కలిసి, పొర మందం మారేకొద్దీ ఒక్కొక్క రంగుగా కనిపిస్తుంది, సబ్బు బుడగ మీద కనిపించేదీ అదే. ఆ తరువాత రేకు నల్లబడుతుంది. ఆ నలుపులో నుంచి, ఆరిపోతున్న నిప్పు కణికలాంటి మసక ఎరుపు తొంగిచూసిన క్షణంలో మంట తీసేయాలి. పటకారుతో పట్టి నీళ్ళ బక్కెట్టులో వేస్తే సుయ్యిమని చప్పుడు చేసి, నల్లని పెచ్చులు రాలి నీటి అడుగుకు చేరతాయి. చల్లారిన రేకును చేతిలోకి తీసుకొంటే తమలపాకులాగా వాలిపోతుంది.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావాలి. కొలిమి దగ్గర ఉలినీ కొడవలినీ ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడతాయి కదా, రాగి ఎందుకు మెత్తబడింది? ఉక్కులో కర్బనం ఉంది, ఉన్నట్టుండి చల్లారిస్తే అది లోపలే ఇరుక్కొని ఉక్కును బిరుసు చేస్తుంది. రాగిలో అలాంటిది లేదు. రాగి మెత్తబడింది నిప్పులోనే. నీళ్ళు దాన్ని చల్లార్చడానికి, నల్లని పెచ్చులు రాల్చడానికి మాత్రమే. మిగిలిన నలుపును చింతపండు, ఉప్పు కలిపి రుద్దితే పోతుంది. మీ అవ్వ పండక్కి రాగి చెంబులు తోమే విధానమే ఇది, చింతపండులోని పులుపు ఆ పొరను కరిగిస్తుంది.

మెత్తబడిన రేకును చింత మొద్దులో తొలిచిన గుంట మీద పెట్టి, గుండ్రని తల ఉన్న కొయ్య సుత్తితో నడుమ నుంచి అంచు వైపుకు చిన్నగా తడుతూ పోవాలి. చిన్న రేకులకు నేను ఉదయగిరి చెక్క గరిటె గుంటనే అచ్చుగా వాడతాను. ఈనెలకు రేకును లారీ టైరు ముక్క మీద బోర్లించి, మొండి ఉలితో గీతలు దించాలి. గీత దించిన వెనకవైపు అది గట్టులాగా ఉబ్బుతుంది. ఈ గుంటలూ గీతలూ అందానికి మాత్రమే అనుకోకండి. సముద్రం వైపు ఊళ్ళలో తాటాకును చూసే ఉంటారు. అంత పెద్ద ఆకు గాలికి నిలబడేది అది మడతలు మడతలుగా ఉండబట్టే. కాగితమంత పలచని రాగి కూడా వంపు తిరిగిందంటే తన బరువు తానే మోసుకొంటుంది. సుత్తి చప్పుడు మీద చెవి పెట్టండి. మెత్తని రేకు దబ్ దబ్ అంటుంది, బిగిసిన రేకు టంగ్ టంగ్ అంటుంది. టంగ్ మనగానే ఆపి మళ్ళీ నిప్పు దగ్గరకు తీసుకొని రావాలి. మందారం రేకుకు రెండుసార్లు, తొందరపడి గట్టిగా కొట్టేవాళ్ళకు మూడుసార్లు కాల్చవలసి వస్తుంది.

జత చేయడం సులువైన పనే. ఐదు రేకుల మొదళ్ళలోనూ రంధ్రం చేసి, పక్క రేకుల అంచులు మీదా కిందా వచ్చేలా సర్ది, సన్నని బోల్టుతో బిగిస్తే చాలు. టంకం వేయాలని మీకు సరదాగా ఉంటుంది, కాని సీసం కలిసిన టంకాన్ని పిల్లల చేతికి ఇవ్వను. నడిమి కాడకు వైరులోని సన్నని పోగులను చుట్టి, ఒక్కొక్క పోగు కొనకు మంట చూపిస్తే 1085 డిగ్రీల దగ్గర రాగి కరిగి, ఆవగింజలాంటి గుండు తనంతట తానే కడుతుంది. అచ్చం పుప్పొడి తలే. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే, అందుకని దీన్ని మీకు వదిలిపెట్టడానికి మనసు రావడం లేదు.

రాగి మందారం అయిపోగానే మీరు ఇత్తడి తంగేడు చేస్తామంటారని నాకు తెలుసు. పసుపు రంగు దానికదే ఉంటుంది, రేకులు ఐదే, అడవి తంగేడు మన వైపు ఎక్కడ చూసినా దొరుకుతుంది. కాని ఇత్తడి రాగి అంత మంచిది కాదు. పన్నెండేళ్ళ కిందట మా చెల్లెలి గృహప్రవేశానికని ఏడు పువ్వుల తంగేడు కొమ్మ చేశాను. ముహూర్తం మాఘమాసంలో ఉంది, నేను దసరాకే పని ముగించి ఈ కొట్టంలోనే గోడకు తగిలించాను. అప్పుడు ఇక్కడ ఆవూ దూడా ఉండేవి. మన నెల్లూరు వానలు కార్తీకంలో కదా, రెండు నెలలు కొట్టం తడి తడిగానే ఉంది. గృహప్రవేశానికి రెండు రోజుల ముందు కొమ్మను దించి తుడవబోతే, ఒక రేకు మొదలు దగ్గరి వంపులో చిటుక్కుమని ఊడి నా చేతిలోకి వచ్చింది. చూస్తే నాలుగు పువ్వులకు వంపుల వెంట వెంట్రుకల్లాంటి పగుళ్ళు. ఎవరూ తాకలేదు, ఏదీ తగలలేదు. నాసిరకం రేకు అంటగట్టారని అంగడి ఆయనతో పోట్లాడి వచ్చాను, చెల్లెలికి చీర పెట్టాను.

తప్పు ఆయనది కాదు. తెల్లదొరల కాలంలో మన దేశంలోని సైన్యం ఇత్తడి తూటాలను గుర్రపు సాలల్లో దాచేది. వానాకాలం వచ్చేసరికి ఆ తూటా గొట్టాలు వాటంతట అవే పగిలేవి. కారణం 1921లో తేలింది. పశువుల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, తడి, ఇత్తడిని వంచినప్పుడు దానిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే ఇత్తడి పగులుతుంది. జింకు ఎక్కువగా ఉన్న పసుపు ఇత్తడికి ఈ జబ్బు ఎక్కువ, రాగికి దాదాపు లేదు. ఈ సంగతి చదివిన రోజు నేను ఆ అంగడికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆయన నవ్వి టీ తెప్పించాడు.

దీనికి మందు కూడా నిప్పే, కాని ఎర్రని నిప్పు కాదు. వంచడం పూర్తయిన ఇత్తడి రేకులను ఇనుప మూకుడులో ఇసుక పోసి, అందులో పూడ్చి, 250 నుంచి 300 డిగ్రీల వేడిలో ఒక గంట ఉంచాలి. ఆకారం మారదు, గట్టిదనం పోదు, లోపలి బిగువు మాత్రం సడలుతుంది. వేడి కొలవడానికి ఇసుక మీద చిన్న తగరం ముక్క పెడతాను; తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక, అది చుక్కగా మారిన తరువాత మంటను ఇంకొంచెం పెంచి గంట లెక్కపెడతాను. ఇత్తడిని ఎర్రగా కాల్చవలసి వస్తే మాత్రం ఎక్కువ కాల్చకూడదు, అందులోని జింకు తెల్లని పొగగా లేస్తుంది. జింకు పూత ఉన్న ఇనుప తీగను కాడకు వాడి మంటలో పెడితే ఇంకా ప్రమాదం. ఆ పొగ పీల్చి నేను ఒక రాత్రంతా చలిజ్వరంతో వణికాను.

చివరిగా తేనెమైనాన్ని గోరువెచ్చని రేకుల మీద పలచగా రుద్దితే సముద్రపు గాలికి చిలుము తొందరగా పట్టదు. టీచరుగారికి ఇచ్చేటప్పుడు, మెరుపు తగ్గినప్పుడు చింతపండుతో తోమవద్దని, పొడి గుడ్డతో తుడిచి మళ్ళీ మైనం రాయమని ఒక చీటీ మీద రాసి జత చేయండి.

పరీక్షలు అయిపోయిన మర్నాడు పొద్దున్నే, ఎండ ముదరకముందు రండి. నూలు బట్టలు, మూసిన బూట్లు వేసుకోవాలి. జడలున్నవాళ్ళు ముడి వేసుకోవాలి. దారిలో మందారం కోసుకొని రండి, మనిషికి ఒకటి చొప్పున, రెక్క మందారమే. పగిలిన తంగేడు కొమ్మ ఇంకా అటక మీదనే ఉంది, మీరు వచ్చేసరికి దించి పెడతాను.

ఇట్లు,
మీ తాతయ్య