మారా ఒడ్డున జీపుల బారు: 1977లో పడిన గేటు

నది ఒడ్డున జీపులు దిగి ఫోన్లు పైకెత్తి నిలబడ్డ జనం. వాళ్లకు ఎదురుగా నది దాటాల్సిన విల్డెబీస్ట్ (ఒక రకం పెద్ద జింక జాతి) మంద, ముందుకు రాలేక, వెనక నుంచి తోసుకొస్తున్న వాటిని ఆపలేక తొక్కిసలాట. 2025 జులైలో టాంజానియాలోని ఉత్తర సెరెంగెటీ నుంచి బయటికొచ్చిన ఈ వీడియో లేపిన గొడవ ఇప్పటికీ చల్లారలేదు. ఈ మందలు గడ్డి కోసం వలస వెళ్లే సీజన్ వచ్చిందంటే చాలు, మళ్లీ రాజుకుంటుంది. టూరిస్టులకు ఇంగితం లేదని ఒకరు, డ్రైవర్లకు డబ్బే ముఖ్యమని మరొకరు.

నిబంధనలు లేక కాదు. సెరెంగెటీకి ఆనుకుని కెన్యా వైపున్న మసాయి మారా రిజర్వులో సింహం, చీతా లాంటి జంతువు దగ్గర ఒకేసారి 5 బండ్లకు మించి ఉండకూడదు, 25 మీటర్ల దూరం పాటించాలి. ఈ సంగతి అక్కడ బండి నడిపే ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసీ ఎందుకు ఆగడం లేదన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ఆ ఒడ్డున దొరకదు, 1977లో వెతకాలి.

అంతకుముందు కెన్యా, టాంజానియా, ఉగాండాలకు కలిపి ఒక తూర్పు ఆఫ్రికా సమాఖ్య ఉండేది. రైళ్లు ఉమ్మడి, విమానాలు ఉమ్మడి. సఫారీ బండి నైరోబీలో బయల్దేరి, మారాలో మజిలీ చేసి, సరిహద్దులోని సాండ్ రివర్ గేటు దాటి సెరెంగెటీలోకి, అక్కడి నుంచి టాంజానియాలోనే మరో వన్యప్రాణి ప్రాంతమైన ఎన్‌గోరోంగోరోకి వెళ్లేది. జంతువులు ఎక్కువగా మావి, టూరిస్టుల డబ్బు మాత్రం నైరోబీ కంపెనీల జేబులోకి పోతోందన్నది టాంజానియా బాధ. సమాఖ్య కుప్పకూలిన ఆ ఏడాది ఫిబ్రవరిలో టాంజానియా సరిహద్దు మూసేసింది. 1983లో మిగతా దారులు తెరుచుకున్నాయి. మారా, సెరెంగెటీల మధ్య గేటు మాత్రం టూరిస్టులకు తెరుచుకోలేదు.

దారిలో మజిలీగా ఉన్న మారా అలా ఆఖరి స్టేషన్ అయింది. సెరెంగెటీ 14,763 చదరపు కిలోమీటర్లు, మారా రిజర్వు 1,510. అంటే పెద్ద ఇంట్లో తిరగాల్సిన చుట్టాలందరినీ ఒక్క గదిలో కూర్చోబెట్టినట్టు. జంతువులకు మాత్రం గేటూ లేదు, వీసా లేదు. పది లక్షలకు పైగా విల్డెబీస్ట్‌లు గడ్డిని వెతుక్కుంటూ అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి.

గేటు పడిన 1977లోనే, మే నెలలో కెన్యా వేటను నిషేధించింది. మంచి నిర్ణయమే, అందులో అనుమానం లేదు. కానీ వేటగాళ్లతో బతికిన వ్యాపారం అంతా ఇక కెమెరా మీదే ఆధారపడింది. ఫోటోకి విలువ తెచ్చేది దగ్గరితనం. జంతువు ఎంత దగ్గరైతే అంత రేటు. ఒకే ఏడాదిలో చోటు తగ్గింది, దగ్గరికి వెళ్లాలన్న ఆశ పెరిగింది. ఇప్పుడు మనం చూస్తున్నది ఆ రెండింటి ఫలితమే అని నేను నమ్ముతున్నాను.

డ్రైవర్ వైపు నుంచి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. చాలామందికి జీతం కంటే టిప్పు మీదే ఆశ ఎక్కువ, ఆ టిప్పేమో చీతా ఎంత దగ్గరగా కనబడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. రేడియోలో ఎవరో స్వాహిలీలో 'డుమా' అంటారు, చీతా అని. పది నిమిషాల్లో నాలుగు దిక్కుల నుంచి దుమ్ము లేస్తుంది. ఆరో బండిగా చేరిన డ్రైవర్ నిబంధన ప్రకారం ఆగితే వెనక సీట్లోంచి ప్రశ్న: 'వాళ్లు వెళ్లారుగా, మనమెందుకు ఆగాం?' ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చు పెట్టి అన్న మాట దాని వెనకే వస్తుంది. హైదరాబాద్‌లో ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడే 'క్రాసింగ్ (మందలు నది దాటడం) గ్యారంటీనా?' అని అడిగే మనవాళ్లూ ఈ లెక్కలో ఉన్నారు. ముందుకెళ్తే రేంజర్ జరిమానా, ఆగితే అతిథి కోపం. ఆ టెన్షన్‌లో అతను చాలాసార్లు అతిథి మాటే వింటాడు. కెమెరాకు మాత్రం అతని చెయ్యి స్టీరింగ్ మీద కనబడుతుంది, వెనక నుంచి వచ్చిన మాట వినబడదు.

ఇక ఆ బండ్ల మధ్యలో ఉన్న చీతా సంగతి. మన పత్రికలు చీతాను కూడా చిరుత అనే రాస్తుంటాయి గానీ రెండూ వేరు. చీతా ఎక్కువగా పగలు వేటాడుతుంది, సింహాలు, హైనాలు తన ఎరను లాక్కోకుండా. అంటే దాని పనివేళలు, టూరిస్టుల వేళలు ఒక్కటే. చెదపుట్ట ఎక్కి, మెడ సాచి, గజెల్ అనే చిన్న జింకల గుంపులో వెనకబడ్డ దాన్ని ఎంచుకుంటుంది. పుట్ట దిగి, పొట్ట నేలకానించి, గడ్డిలో అడుగు తర్వాత అడుగు. సరిగ్గా అప్పుడే మంచి కోణం కోసం ఒక బండి ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. గజెల్ తలెత్తుతుంది. అంతే, ఆ పూట పిల్లలకు తిండి లేదు. చుట్టూ చెదపుట్ట లేకపోతే కొన్ని చీతాలు జీపు బానెట్ ఎక్కి చూస్తాయి. ఫోటోల్లో అది స్నేహంలా కనబడుతుంది. చీతాకు అది మరో పుట్ట, అంతే.

మారాలో 2013 నుంచి 2017 వరకు చీతాలను గమనించిన పరిశోధన 2018లో అచ్చయింది. టూరిస్టులు తక్కువున్న చోట తల్లి సగటున 2.3 పిల్లలను పెద్ద చేయగలిగితే, ఎక్కువున్న చోట 0.2 మాత్రమే. బండ్ల కింద పడి చచ్చాయని కాదు, పెరగలేకపోయాయి.

రద్దీ తగ్గించడానికే మారా ప్రవేశ ఫీజు పెంచామని అధికారుల వాదన. 2024 జులై నుంచి విదేశీ టూరిస్టుకు సీజన్లో రోజుకు 200 డాలర్లు, టికెట్ చెల్లేది 12 గంటలే. రోజుకు 200 కట్టి, ఉదయం ఆరింటికి లోపలికెళ్లి సాయంత్రం ఆరింటికల్లా బయటపడాల్సిన మనిషి ఆరో బండిలో ఓపిగ్గా కూర్చుంటాడా?

అటు టాంజానియా వాళ్లు తమ ఒడ్డునే వ్యాపారం కట్టుకున్నారు. టాంజానియా సఫారీలు బయల్దేరే అరూషా పట్టణానికి దూరమని ఒకప్పుడు పెద్దగా ఎవరూ వెళ్లని కొగటెండే చుట్టూ ఇప్పుడు క్యాంపులు, ఒక ఎయిర్‌స్ట్రిప్. మారా నది ఆ పక్క నుంచే పోతుంది. ఒకే మందకు కాపు కాసే జీపులు రెండు దేశాల్లోనూ తయారయ్యాయి.

వేరే దారి లేదా అంటే ఉంది. మారా రిజర్వు చుట్టూ ఉన్న భూములను స్థానిక మసాయి తెగ కుటుంబాల దగ్గర లీజుకు తీసుకుని 2005 నుంచి కన్జర్వెన్సీలు, అంటే జంతువుల కోసం కాపాడే ప్రాంతాలు, నడుపుతున్నారు. ఎన్ని గుడారాలో లెక్క, జంతువు దగ్గర ఎన్ని బండ్లో లెక్క, ప్రతి నెలా భూమి యజమానికి అద్దె. అక్కడ జీపుల గుంపు అంతగా కనబడదు. కానీ ఆ రేట్లు మధ్యతరగతి అందుకునేవి కావు.

ఇక సాండ్ రివర్. అదే నది ఒడ్డున కట్టిన ఖరీదైన క్యాంపు మందల దారికి అడ్డమని ఒక మసాయి పెద్ద 2025 ఆగస్టులో కోర్టుకెక్కారు, తర్వాత కేసు వెనక్కి తీసుకున్నారు. గేటు తెరవాలని కెన్యా టూర్ కంపెనీలు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాయి. తెరిస్తే నైరోబీ బండ్లన్నీ వచ్చి సెరెంగెటీ పాడవుతుందని టాంజానియా భయం. ఆ వీడియో చూశాక ఆ భయాన్ని కొట్టిపారేయలేం. ఈలోగా మారా నుంచి సెరెంగెటీకి బండిలో వెళ్లాలనుకున్నవాళ్లు పడమరగా సరిహద్దు పట్టణం ఇసెబానియా దాకా చుట్టు తిరిగి సరిహద్దు దాటాలి, దాదాపు రోజంతా ప్రయాణం. మందలు మాత్రం సాండ్ రివర్ దాటి తిన్నగా నడిచిపోతాయి.